ఒక సబ్బు కవరు పట్టుకుని బ్రిటిష్ బహుళజాతి కంపెనీని చదవడం ఎలా

‘ప్రపంచీకరణలో బ్రిటిష్ బహుళజాతి కంపెనీల పాత్రను వివరించండి’ అని అడిగితే హన్మకొండలో నా డిగ్రీ విద్యార్థులు ఏటా ఒకే జవాబు రాస్తారు. పెట్టుబడులు వచ్చాయి, ఉద్యోగాలు వచ్చాయి, స్థానిక పరిశ్రమ దెబ్బతింది. అందులో ఒక్క కంపెనీ ముఖం కూడా కనిపించదు. ఆర్థికశాస్త్రం ప్రాజెక్టు చేసేవాళ్లకు నేను చెప్పేది వేరు. ఒక్క వస్తువు పట్టుకోండి, దాని అసలు యజమాని దాకా వెళ్లండి. సరుకు ఎక్కడ తయారవుతోంది, కంపెనీ ఎవరిది, లాభం ఎటు పోతోంది అనేవి మూడు వేర్వేరు ప్రశ్నలు. వాటిని కలిపేస్తే ప్రాజెక్టు అక్కడే చెడుతుంది.

వస్తువు రోజూ ఇంట్లో వాడేదై ఉండాలి. లైఫ్‌బాయ్ సబ్బు, రెడ్ లేబుల్ టీ, డెట్టాల్, హార్లిక్స్, ఏదైనా సరే. నేను సబ్బుతో చెబుతాను.

కవరు వెనక్కి తిప్పి, అక్షరాలు మరీ చిన్నవైతే ఫోను కెమెరాలో పెద్దవి చేసి చదవండి. హిందుస్తాన్ యూనిలీవర్ పేరు, ముంబైలోని అంధేరి చిరునామా ఉంటాయి. లండన్ ఊసు ఉండదు. ఫ్యాక్టరీల చిరునామాలు అక్షరాల గుర్తులతో ఇచ్చి ఉంటే, బ్యాచ్ నంబరులోని అక్షరంతో పోల్చండి. మీ చేతిలో ఉన్న సబ్బు ఏ ఊళ్లో తయారైందో తెలుస్తుంది. ఆ తర్వాత దినుసుల వరుస చూడండి. ‘సోడియం పామేట్’ అని ఉంటే అది పామాయిల్ నుంచి వచ్చిందే. మన దేశం వాడే పామాయిల్‌లో ఎక్కువ భాగం ఇండోనేషియా, మలేషియాల నుంచి వస్తుంది. అంటే యజమాని దాకా వెళ్లకముందే మూడు దేశాలు తగిలాయి. వాటిని ఒక కాగితం మీద బాణాలతో గీసి పెట్టుకోండి.

ఇప్పుడు యజమాని సంగతి. షేర్ మార్కెట్‌లో నమోదైన ప్రతి కంపెనీ మూడు నెలలకోసారి తన వాటాదారుల వివరాలు బయటపెట్టాలి. బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజ్ వెబ్‌సైటులో కంపెనీ పేరు కొడితే ఆ పట్టిక ఉచితంగా దొరుకుతుంది. హిందుస్తాన్ యూనిలీవర్‌లో సుమారు 62 శాతం వాటా లండన్‌లోని యూనిలీవర్ వర్గానిది. బోర్డులో మాట ఎవరిది చెల్లుతుందో ఆ అంకె చెబుతుంది.

దీని పక్కనే ఐటీసీ పట్టిక కూడా తెరవండి. భద్రాచలం దగ్గర సారపాకలో కాగితం మిల్లు నడిపేది ఆ కంపెనీయే. 1910లో కోల్‌కతాలో ఇంపీరియల్ టొబాకో కంపెనీగా పుట్టింది. 1970లో ‘ఇంపీరియల్’ పోయి ‘ఇండియా’ చేరింది. ఇప్పటికీ అందులో అతి పెద్ద వాటాదారు బ్రిటిష్ అమెరికన్ టొబాకోనే. కానీ ఆ వాటా ఇప్పుడు పాతిక శాతం కూడా లేదు, 2025లోనూ కొంత అమ్మింది. రెండూ బ్రిటిష్ మూలాలున్నవే అయినా ఒకదానిపై పట్టు పూర్తిగా లండన్‌ది, రెండోదానిపై కాదు. ఈ తేడా పట్టుకోని ప్రాజెక్టుకు నేను మంచి మార్కులు వేయను.

పేరు చూసి మోసపోయే ప్రమాదం ఇంకోవైపు నుంచీ ఉంది. బ్రిటిష్ పేరున్న ప్రతిదానికీ యజమాని బ్రిటిష్‌వాడే కాదు. క్యాడ్‌బరీ 2010లోనే అమెరికా చేతికి వెళ్లింది. టెట్లీ టీని 2000లో, జాగ్వార్ ల్యాండ్ రోవర్‌ను 2008లో టాటాలు కొన్నారు.

తర్వాత సంవత్సరాల వరుస రాయండి, అయితే ప్రతి సంవత్సరం పక్కన దానికి కారణం కూడా ఉండాలి. 1888లో సన్‌లైట్ సబ్బు పెట్టెలు ఇంగ్లండులో తయారై కోల్‌కతా రేవులో దిగాయి. 1933లో ఇక్కడే లీవర్ బ్రదర్స్ ఇండియా కంపెనీ ఏర్పడింది. 1956లో మూడు కంపెనీలు కలిసి హిందుస్తాన్ లీవర్, అంటే నేటి హిందుస్తాన్ యూనిలీవర్ అయ్యాయి. 1973 నాటి విదేశీ మారకద్రవ్య చట్టం విదేశీ వాటాను సాధారణంగా 40 శాతానికి కుదించింది. కోకాకోలా, ఐబీఎం దేశం వదిలి వెళ్లాయి. లీవర్ మాత్రం మినహాయింపు సాధించి సగానికి పైగా వాటా నిలుపుకుంది. 1991 తర్వాత తలుపులు తెరుచుకోగానే, 1993లో టాటాల నూనె మిల్లుల కంపెనీని కలిపేసుకుంది. హమామ్ సబ్బు అలా చేయి మారింది. చట్టం మారిన ప్రతిసారీ కంపెనీ తన రూపాన్ని ఎలా మార్చుకుందో చూడండి. ప్రపంచీకరణ దానంతట అదే జరిగిపోలేదు, ప్రభుత్వాలు సంతకాలు పెడితే జరిగింది. నాకు బలంగా అనిపించే విషయం ఇది.

మన ప్రాంతం వాళ్లు ఈ వరుసలో ఇంకో పంక్తి తప్పక చేర్చాలి. 1886లో ఇల్లందు బొగ్గు తవ్వే హక్కులు పొందింది ఇంగ్లండులో నమోదైన హైదరాబాద్ దక్కన్ కంపెనీ. 1920లో దాని ఆస్తులు, అప్పులు కొత్తగా పెట్టిన సింగరేణి కాలరీస్‌కు దఖలు పడ్డాయి. 1945లో నిజాం ప్రభుత్వం మెజారిటీ వాటా కొన్నది. కొత్తగూడెంలో, బెల్లంపల్లిలో మీ తాతలెవరైనా గనిలో పనిచేసి ఉంటే ఈ కథ మీ ఇంటిదే.

డబ్బు దారి పట్టుకోవడానికి వార్షిక నివేదిక కావాలి. అందరూ డివిడెండ్ దగ్గర, అంటే వాటాదారులకు పంచే లాభం దగ్గర ఆగిపోతారు. రాయల్టీ వెతకండి. బ్రాండ్లు, సాంకేతికత వాడుకున్నందుకు, కేంద్ర సేవలకు గాను మాతృసంస్థకు కట్టే మొత్తం అది. ఆ రుసుమును అమ్మకాల్లో 2.65 శాతం నుంచి మూడేళ్లలో 3.45 శాతానికి పెంచుతున్నట్లు హిందుస్తాన్ యూనిలీవర్ 2023 జనవరిలో ప్రకటించింది. డివిడెండ్ లాభంలోంచి పోతుంది, రాయల్టీ లాభం లెక్క తేలకముందే పోతుంది. లండన్ మాతృసంస్థలోని చిన్న వాటాదారుకూ, ఇక్కడి కంపెనీలోని చిన్న వాటాదారుకూ దీనివల్ల ఒకే ఫలితం ఉండదు. ఎందుకో మీ మాటల్లో రాయండి.

చివరగా కాగితాలు వదిలి దుకాణానికి వెళ్లండి. వరంగల్ బీట్‌బజార్‌లోనో, మీ వీధి కిరాణాలోనో రద్దీ లేని మధ్యాహ్నం పూట అడగండి. సరుకు ఏ స్టాకిస్టు ఇస్తాడు, అప్పు ఎన్ని రోజులు, ఒక సబ్బు మీద ఎంత మిగులుతుంది, స్థానిక సబ్బు మీద ఎంత? ఊళ్లలో అయితే మహిళా సంఘాల వాళ్లనూ కలవండి. ఇదే కంపెనీ వాళ్ల ద్వారా సరుకు అమ్మించే ‘శక్తి’ పథకాన్ని 2000-01 ప్రాంతంలో నల్గొండ జిల్లాలోనే మొదలుపెట్టింది. దుకాణదారు పేరు ప్రాజెక్టులో రాయకండి, చెప్పిన అంకెలు మాత్రం రాయండి. వాటాల పట్టిక నకలు జతచేసేటప్పుడు అది ఏ త్రైమాసికానిదో పైన తేదీ వేయండి, వచ్చే త్రైమాసికానికి అంకెలు మారవచ్చు.