ఒకే వార్త, వేర్వేరు దేశాల సైట్లు: పోల్చి చదవడం ఎలా

పది సైట్లలో ఒకే మాట కనిపిస్తే అది ఖాయమని చాలామంది అనుకుంటారు. కానీ వాటిలో ఎక్కువ భాగం రాయిటర్స్, అసోసియేటెడ్ ప్రెస్ (ఏపీ), ఏఎఫ్‌పీ లాంటి వార్తా ఏజెన్సీ ఇచ్చిన ఒకే కాపీకి హెడ్డింగ్ మార్చి పెట్టుకున్నవే కావచ్చు. అందుకే సైట్లను లెక్కపెట్టకండి, ఆ సమాచారం ఎంతమంది నోటి నుంచి వచ్చిందో లెక్కపెట్టండి. కథనం పైనా చివరా ఏజెన్సీ పేరు ఉందేమో చూడటం మొదటి పని.

ప్రాక్టీస్‌కి కాస్త పాతబడిన సంఘటన మంచిది, ఎందుకంటే ఇప్పుడే జరుగుతున్న వార్త గంటగంటకూ మారుతుంటుంది, ఏది అప్‌డేటో ఏది అసలు తేడానో తేలదు. నేనైతే 2023 ఆగస్టు 24 తీసుకోమంటాను. ఆ రోజు జపాన్, 2011లో ప్రమాదానికి గురైన ఫుకుషిమా అణు కేంద్రంలో నిల్వ చేసిన నీళ్లను సముద్రంలోకి వదలడం మొదలుపెట్టింది, అదే రోజు చైనా జపాన్ సీఫుడ్ దిగుమతి మొత్తం ఆపేసింది.

జపాన్ నుంచి ఎన్‌హెచ్‌కే, చైనా నుంచి సీజీటీఎన్, గొడవతో నేరుగా సంబంధం లేని చోటు నుంచి బీబీసీ లేదా అల్ జజీరా తెరవండి. ఎవరి డబ్బుతో నడుస్తాయో కూడా రాసిపెట్టుకోండి: ఎన్‌హెచ్‌కే, బీబీసీలకు ప్రధానంగా ప్రేక్షకులు కట్టే ఫీజు, సీజీటీఎన్‌కి చైనా ప్రభుత్వం, అల్ జజీరాకి ఖతార్. దక్షిణ కొరియా నుంచి మాత్రం రెండు తీసుకోండి, అప్పటి ప్రభుత్వాన్ని విమర్శించిన హాంక్యోరే ఒకటి, సంప్రదాయవాద చోసున్ ఇల్బో ఒకటి. ఈ విషయంలో అక్కడి అప్పటి ప్రభుత్వం ఒకవైపు, ప్రతిపక్షం ఇంకోవైపు నిలిచాయి కాబట్టి, ఒక దేశం మీడియా అంతా ఒకే మాట మీద ఉంటుందన్న భ్రమ అక్కడే పోతుంది.

జపాన్ వైపు "శుద్ధి చేసిన నీళ్లు", చైనా వైపు "అణు కలుషిత నీళ్లు". ఈ తేడా అందరికీ కనిపిస్తుంది, అక్కడే ఆగిపోవద్దు. ప్రతి కథనంలో మొదట ఎవరిని మాట్లాడించారో గీత గీయండి: మంత్రా, ఆ అణు కేంద్రాన్ని నడిపే టెప్కో కంపెనీనా, మత్స్యకారుడా, పొరుగు దేశం ప్రతినిధా?

తర్వాత అంకెలు. వదిలే నీళ్లలో ట్రిటియం (రేడియోధార్మిక హైడ్రోజన్) లీటరుకు 1,500 బెక్వెరెల్స్ (రేడియోధార్మికతను కొలిచే యూనిట్) లోపే ఉండాలన్నది టెప్కో పెట్టుకున్న పరిమితి, తాగునీటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శక విలువ 10,000. ఇంకోవైపు అప్పటికి ట్యాంకుల్లో ఉన్నది 13 లక్షల టన్నులకు పైగా నీళ్లు, వదలడానికి దాదాపు 30 ఏళ్లు. రెండూ సరైన లెక్కలే, కానీ మొదటిది మాత్రమే చదివినవాడు ఇంతేనా అనుకుంటాడు, రెండోది మాత్రమే చదివినవాడికి టెన్షన్ మొదలవుతుంది. ఏ సైట్ ఏ అంకెను పైన పెట్టింది, ఏది అసలు ఇవ్వలేదు, రాసుకోండి.

అసలు కష్టమంతా, కథనంలో చెప్పకుండా వదిలేసినదాన్ని పట్టుకోవడంలో ఉంది, నా దృష్టిలో విలువైన పనీ అదే. ఒక సైట్లో చదివిన ప్రతి ముఖ్య విషయాన్నీ మిగతా వాటిలో వెతకండి. జపాన్ మత్స్యకారుల సంఘాలు కూడా దీన్ని వ్యతిరేకించాయని ఎవరు చెప్పారు? చైనా అణు కేంద్రాలు కూడా ట్రిటియం వదులుతాయని ఎవరు చెప్పారు?

అందరూ ఒకే పత్రాన్ని ప్రస్తావిస్తుంటే నేరుగా దాన్నే తెరవండి. ఇక్కడ అది 2023 జులైలో అంతర్జాతీయ అణుశక్తి సంస్థ ఇచ్చిన నివేదిక. ప్రణాళిక అంతర్జాతీయ భద్రతా ప్రమాణాలకు తగ్గట్టే ఉందని అందులో ఉంది, ఈ విధానాన్ని తాము సిఫార్సు చేయడం గానీ సమర్థించడం గానీ లేదని కూడా ముందుమాటలోనే ఉంది. మీ సైట్లలో ఏది రెండు ముక్కలూ చెప్పిందో, ఏది ఒక్కటే తీసుకుందో చూడండి.

ఇంకొకటి, ఇంగ్లిష్ పేజీలు ఎక్కువగా బయటివాళ్ల కోసం రాసినవి. బ్రౌజర్ అనువాదం పెట్టుకుని జపనీస్, చైనీస్ పేజీలు కూడా తెరవండి. అనువాదం అక్కడక్కడా తప్పుతుంది కాబట్టి పదాల మీద వాదన పెట్టుకోకుండా, సొంత జనానికి ఏ విషయాలు చెప్పారు, ఏ వరసలో చెప్పారు అన్నంతవరకే చూడండి.