రెవిట్‌లో డ్రైనేజ్ పైపులకు వాలు ముందే ఇవ్వండి

భవనాల డిజైన్ సాఫ్ట్‌వేర్ రెవిట్‌లో డ్రైనేజ్ లైన్లన్నీ ముందు లెవెల్‌గా గీసేసి, వాలు తర్వాత చూసుకుందాం అనుకునేవాళ్లు చాలామంది. దయచేసి అలా చేయకండి. తర్వాత వాలు ఇస్తే పైపుల ఎత్తులు మారిపోయి, బ్రాంచ్‌లు కలిసే చోట ఫిట్టింగులు కుదరక వరసగా ఎర్రర్లు వస్తాయి. ఒక బేస్‌మెంట్ లైను నేను ఇలాగే మొత్తం చెరిపి మళ్లీ గీయాల్సి వచ్చింది.

పైప్ టూల్ తెరవగానే పైపు టైప్‌లోని రౌటింగ్ ప్రిఫరెన్సెస్‌లో (ఏ ఫిట్టింగులు వాడాలో చెప్పే సెట్టింగ్) సరైన ఎల్బో (పైపు మలుపు ఫిట్టింగు), టీ (మూడు పైపులు కలిపే ఫిట్టింగు) ఉన్నాయో చూడండి. ఆ తర్వాత స్లోప్ విలువ ఎంచుకుని గీయండి. 1:100 వాలులో 12 మీటర్ల పైపు 120 మిల్లీమీటర్లు దిగుతుంది. ఫాల్స్ సీలింగ్ పైన అంత చోటుందా అన్నది గీయకముందే లెక్క వేసుకోవాలి.

ఇప్పటికే లెవెల్‌గా గీసేసి ఉంటే, పైపు మీద మౌస్ పెట్టి ట్యాబ్ నొక్కుతూ పోండి. కలిసి ఉన్న లైను హైలైట్ కాగానే క్లిక్ చేసి స్లోప్ టూల్ తెరవండి. అక్కడ కనిపించే బాణం గుర్తును తేలిగ్గా తీసుకోవద్దు. ఏ చివర ఎత్తు కదలకుండా ఉండాలో చెప్పేది అదే. మ్యాన్‌హోల్ ఇన్వర్ట్ (పైపు లోపలి అడుగు ఎత్తు) ముందే ఖరారైపోతే ఆ చివరనే స్థిరంగా ఉంచండి.

ఇంకోటి, ఎల్బో దగ్గర కొత్త బ్రాంచ్ కావాలంటే ఆ ఎల్బోను తీసేయనక్కర్లేదు. ఎల్బోను సెలెక్ట్ చేసి పక్కన కనిపించే ప్లస్ గుర్తు నొక్కితే అదే టీ అవుతుంది.