ల్యాప్‌టాప్‌కి కెమెరా కనిపించట్లేదా? ముందు కేబుల్ మార్చండి

టెథరింగ్‌లో (కెమెరాని కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి కలిపి షూట్ చేయడంలో) కెమెరా కనిపించకపోతే ముందు కేబుల్‌నే అనుమానించండి. ఛార్జింగ్‌కి మాత్రమే చేసిన కేబుళ్లలో డేటా వైర్లే ఉండవు. హబ్ వద్దు, నేరుగా ల్యాప్‌టాప్ పోర్టుకే పెట్టండి. మామూలు యూఎస్‌బీ 3 కేబుల్ 3 మీటర్లు దాటితే కనెక్షన్ మధ్యలో తెగిపోవచ్చు. ఇంకా దూరం కావాలంటే యాక్టివ్ ఎక్స్‌టెన్షన్ (సిగ్నల్‌ని బలపరిచే పొడిగింపు కేబుల్) తీసుకోండి.

చాలా కానన్ మోడళ్లలో వైఫై ఆన్‌లో ఉంటే యూఎస్‌బీ పనిచేయదు, ఆపేయండి. సోనీలో యూఎస్‌బీ మోడ్‌ని ‘పీసీ రిమోట్’కి మార్చాలి. ఆటో పవర్ ఆఫ్ కూడా తీసేయండి. లైట్‌రూమ్, కానన్ వాళ్ల ఈఓఎస్ యుటిలిటీ సాఫ్ట్‌వేర్లని ల్యాప్‌టాప్‌లో ఒకేసారి తెరవొద్దు, ఒకటి కెమెరాని పట్టుకుంటే రెండోదానికి దొరకదు.

కేబుల్‌ని కొంచెం వదులుగా వదిలి, ట్రైపాడ్ కాలికి వెల్క్రోతో కట్టేయండి. ఎవరి కాలో తగిలినా లాగుడు ట్రైపాడ్ మీద పడుతుంది, కెమెరా పోర్టు మీద కాదు.