ఓనర్ ఇల్లు అమ్మేస్తానంటే: గడువుకు ముందే ఖాళీ చేయడానికి ఎంత అడగాలి, ఎలా అడగాలి

"ఇల్లు అమ్మేస్తున్నాం, నెలలోపు ఖాళీ చేసేయండి" అని ఓనర్ ఫోన్ చేస్తే చాలామంది వెంటనే సరే అనేస్తారు, ఆ రాత్రి నుంచే ఇళ్ల వేట మొదలుపెడతారు. ఆ రెండూ కాసేపు ఆపండి. మీ అగ్రిమెంట్‌కి ఇంకా గడువు ఉంటే ఓనర్ మీకు ఆర్డర్ వేయలేరు, మీతో బేరం చేసుకోవాలి. ఆయనకు కావలసింది ఫలానా తేదీకి ఖాళీగా ఉన్న ఇల్లు, ఆ తేదీ మీ చేతిలో ఉంది. దానికి డబ్బు అడగడం తప్పు కాదు, మొహమాటపడాల్సిన పనీ లేదు.

మొదటి ఫోన్‌లో అవుననీ కాదనీ అనకండి. మూడు సంగతులు మాత్రం కనుక్కోండి: కొనేవాళ్లు దొరికారా లేక ఇంకా చూస్తున్నారా, వాళ్లు ఉండటానికి కొంటున్నారా అద్దెకిచ్చుకోవడానికా, రిజిస్ట్రేషన్ ఎప్పటికి అనుకుంటున్నారు. బేరమంతా ఈ జవాబుల మీదే నడుస్తుంది. అద్దె కోసం కొనేవాళ్లయితే మీరు ఉండటమే వాళ్లకు లాభం, అప్పుడు అసలు ఖాళీ చేయాల్సిన అవసరమే రాకపోవచ్చు, ఓనర్‌కి ఆ సంగతి తట్టకపోతే మీరే గుర్తుచేయండి. సొంతానికి కొనేవాళ్లయితే, అందులోనూ టోకెన్ అడ్వాన్స్ తీసుకుని తేదీ కూడా రాసుకుని ఉంటే, తొందర ఓనర్‌ది.

తర్వాత అగ్రిమెంట్ తీసి మొదటి లైను నుంచి చివరి సంతకం దాకా చదవండి. గడువు ఎప్పటిదాకా, మధ్యలో ఖాళీ చేయించే హక్కు ఓనర్‌కి రాసి ఉందా, ఉంటే ఎన్ని రోజుల నోటీసు, ఇల్లు అమ్మితే ఏమవుతుందో విడిగా ఏమైనా రాశారా. అమ్మకంతో అద్దె ఒప్పందం దానంతటదే రద్దు కాదన్నది చాలా చోట్ల ఉన్న సూత్రం. భారతదేశంలో 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 109వ సెక్షన్, జర్మనీ సివిల్ కోడ్ 566వ సెక్షన్ రెండూ కొత్త ఓనర్‌ని పాత ఓనర్ స్థానంలోనే నిలబెడతాయి. కానీ "అమ్మకం జరిగితే నోటీసుతో ఖాళీ చేయాలి" అని మీరే సంతకం పెట్టి ఉంటే బలం చాలావరకు తగ్గిపోతుంది. గడువు అయిపోయి నెలనెలా కొనసాగుతున్నవాళ్లకు కూడా అంతే, సాధారణంగా వాళ్ల చేతిలో ఉండేది నోటీసు కాలం మాత్రమే. అలాంటప్పుడు పెద్ద మొత్తం కోసం పట్టుబట్టకుండా కొంచెం అదనపు సమయం, సామాన్ల ఖర్చు అడగడం మేలు. మీ ఊళ్లో ఏ చట్టం ఎలా వర్తిస్తుందో ఒక లాయర్‌ని గంట సేపు అడిగి తెలుసుకోండి. ఆ ఫీజు దండగ కాదు.

ఇప్పుడు అసలు లెక్క. చాలామంది గాల్లోంచి ఒక అంకె చెప్పేస్తారు, ఓనర్ "అంతెందుకు?" అనగానే దిగిపోతారు. రెండు అంకెలు కాగితం మీద ఉండాలి: ఇంతకంటే తగ్గితే నాకు నష్టం అన్నది ఒకటి, ఇంతకంటే ఎక్కువ ఆయన ఇవ్వరు అన్నది ఇంకోటి.

మొదటిదానికి నెల అద్దెనే కొలతగా పెట్టుకుందాం. మీకు ఇంకా 8 నెలల గడువు ఉంది, ఇలాంటి ఇల్లే ఇప్పుడు 20 శాతం ఎక్కువ అద్దె పలుకుతోంది అనుకోండి. అంటే ఆ తేడా ఒక్కటే 8 నెలలకు 1.6 నెలల అద్దె. బ్రోకర్‌కి ఒక నెల, సామాన్లు మార్చడానికి అర నెల, రెండు ఇళ్లకూ కలిపి అద్దె కట్టాల్సి వచ్చే రెండు వారాలకు ఇంకో అర నెల వేసుకుంటే మొత్తం 3.6 నెలలు. ఇది మీకు లాభం కాదు, మీ జేబులోంచి పోయేది మాత్రమే. పిల్లల స్కూల్ మధ్యలో మారడం, ఆఫీసుకి దూరం పెరగడం, సెలవులు పెట్టాల్సి రావడం దీని మీద. కాబట్టి ఎవరైనా "రెండు నెలల అద్దె ఇస్తాం, చాలదా" అంటే ఎందుకు చాలదో మీ దగ్గర లెక్క ఉంటుంది.

రెండో అంకె ఓనర్ వైపు నుంచి చూడాలి. మీరు ఉండగా అమ్మితే కొనేవాళ్లు ధర తగ్గించమంటారా, ఆలస్యమైతే ఆయన కట్టే లోన్ వడ్డీ ఎంత, ఈ పార్టీ వెళ్లిపోతే ఇంకో పార్టీ దొరకడానికి ఎన్నాళ్లు పడుతుంది. కచ్చితంగా తెలియదు గానీ ఉజ్జాయింపుగా వేసుకున్నా చాలు. ఆయన నష్టం మీ ఖర్చు కంటే బాగా ఎక్కువని అర్థమైతే ఖర్చులతో ఆగిపోనక్కర్లేదు.

అడ్వాన్స్‌ని ఈ లెక్కలోకి రానివ్వకండి. అది మీ డబ్బే. "అడ్వాన్స్ మొత్తం వెంటనే ఇచ్చేస్తాం కదా" అని దాన్నే పరిహారంగా చూపించడం చాలా మామూలుగా జరిగే పని, అక్కడే మర్యాదగా ఆపండి: "అది ఎలాగూ రావాల్సిందే కదండీ, మనం మాట్లాడుకునేది దాని సంగతి కాదు."

మాట్లాడేటప్పుడు వీలైతే మొదటి అంకె ఆయన నోటినుంచే రానివ్వండి. మీరే చెప్పాల్సి వస్తే లెక్కతో పాటు చెప్పండి, కొంచెం దిగడానికి జాగా ఉంచుకుని: "ఖాళీ చేయనని కాదండీ. అగ్రిమెంట్ ఇంకా 8 నెలలుంది. మీ తేదీకి నేను వెళ్లాలంటే నాకయ్యే ఖర్చు ఇదీ, రాసి పంపుతున్నాను చూడండి. 5 నెలల అద్దె ఇస్తే మీరు చెప్పిన రోజుకి తాళాలు ఇస్తాను." తర్వాత మాట పెంచకండి. బెదిరించకండి, లేని కష్టాలు చెప్పకండి, కోర్టు మాట మీ నోటినుంచి మొదట రాకూడదు. అవతలివాళ్లకి కూడా ఇల్లు అమ్మాల్సిన అవసరం ఏదో ఉండి ఉంటుంది, ఆ టెన్షన్‌లో ఉన్న మనిషి గౌరవంగా మాట్లాడిన వాళ్లకే త్వరగా ఒప్పుకుంటారు. ఫోన్‌లో ఏం అనుకున్నా ఆ సాయంత్రమే వాట్సాప్‌లో "ఇవాళ ఇలా మాట్లాడుకున్నాం కదండీ" అని పెట్టండి.

డబ్బు దగ్గర ఆగిపోతే వేరేవి అడగండి. చివరి రెండు నెలలు అద్దె లేకుండా ఉండటం, పెయింటింగ్ పేరుతో కోత పెట్టకపోవడం, అడ్వాన్స్‌లో సగం ముందే ఇవ్వడం (కొత్త ఇంటికి కట్టాలి కదా), పరీక్షలు అయ్యేదాకా గడువు. మీ వైపు నుంచి ఇవ్వగలిగినవీ ఉన్నాయి: ఇల్లు చూపించడానికి వారంలో ఫలానా రెండు సాయంత్రాలు, శుభ్రంగా సర్ది ఉంచడం. అమ్మేవాళ్లకు ఇది చిన్న సాయం కాదు.

షాపో ఆఫీసో అయితే లెక్క ఇంకా పెద్దది. ఇంటీరియర్‌కి పెట్టిన ఖర్చు, మూసి ఉన్న రోజుల వ్యాపారం, అడ్రస్ మారితే పోయే కస్టమర్లు. దానికి ఆడిటర్‌ని పక్కన పెట్టుకోండి.

ఒప్పందం కుదిరాక కాగితం రాసుకోవాలి, ఎంత పరిచయస్తులైనా సరే. ఖాళీ చేసే తేదీ, పరిహారం ఎంత, అడ్వాన్స్ ఎంత, ఈ రెండూ విడివిడిగా. కోతలు ఉండవని, తాళాలు ఇచ్చాక ఒకరి మీద ఒకరికి ఏ బాకీ లేదని. ఇల్లు ఇద్దరు ముగ్గురి పేరు మీద ఉంటే అందరి సంతకాలు, మీ అగ్రిమెంట్‌లో ఇద్దరి పేర్లుంటే మీ ఇద్దరివీ. డబ్బు ఎప్పుడు ఇస్తారన్నదే అన్నిటికంటే ముఖ్యం. "రిజిస్ట్రేషన్ అయ్యాక ఇస్తాం" అన్న మాటకు ఒప్పుకోకండి, అమ్మకం ఆగిపోతే మీరు ఇల్లూ వదులుకుని డబ్బూ పోగొట్టుకుంటారు. సగం సంతకం రోజు, సగం తాళాలిచ్చే రోజు అని రాయండి, అమ్మకం జరిగినా జరగకపోయినా ఇది వర్తిస్తుందని ఒక వాక్యం కలపండి. కొన్ని చోట్ల సంతకం చేశాక కూడా మనసు మార్చుకునే హక్కు ఉంది, శాన్ ఫ్రాన్సిస్కోలో అయితే అద్దెకున్నవాళ్లకు 45 రోజులు. మీ దగ్గర అలాంటిది ఉందేమో సంతకానికి ముందే కనుక్కోండి, పరిహారం మీద పన్ను పడుతుందేమో కూడా.

ఈ లోపల నీళ్లు ఆపడం, కరెంటు తీసేయడం, చెప్పకుండా మనుషుల్ని తీసుకురావడం లాంటివి మొదలైతే బేరం ఆపేసి లాయర్ దగ్గరికి వెళ్లండి. తేదీలతో సహా రాసిపెట్టుకోండి, ఫోటోలు తీయండి, అద్దె మాత్రం ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకండి, బ్యాంకు ద్వారానే కట్టండి. అద్దె బాకీ పడితే ఓనర్‌కి చేజేతులా కారణం ఇచ్చినట్టే.

తాళాలిచ్చే రోజు సామాన్ల లారీ వెళ్లాక ఖాళీ గదులన్నీ ఒక్కొక్కటీ వీడియో తీయండి, కుళాయిలు తిప్పి, లైట్లు వేసి. కరెంటు మీటర్ రీడింగ్ ఫోటో తీసుకోండి. మిగతా డబ్బు, అడ్వాన్స్ రెండూ మీ అకౌంట్‌లో పడ్డాయని బ్యాంకు యాప్‌లో చూసుకోండి, ఎదుటివాళ్లు చూపించే స్క్రీన్‌షాట్ చాలదు. అప్పుడు తాళాలు ఇచ్చి, ఎన్ని తాళాలు అందాయో రాసిన కాగితం మీద సంతకం తీసుకోండి.