జిల్లా పరిషత్ ఎజెండాలోకి మీ ఊరి పనిని చేర్చడం ఎలా?

చిత్తూరు జిల్లా పరిషత్ సర్వసభ్య సమావేశం జరిగిన మరుసటి రోజు పత్రికలు తెరిస్తే, ఎవరు ఎవరిని నిలదీశారో, ఏ అధికారి గైర్హాజరయ్యారో, ఎవరు పోడియం వద్ద బైఠాయించారో ప్రధానంగా కనిపిస్తుంది. ఆ వార్తలు చదివి, నిర్ణయాలన్నీ ఆ హాల్లోనే జరుగుతాయని చాలామంది అనుకుంటారు. నిజానికి మంజూరయ్యే పనుల్లో అధిక భాగం సమావేశానికి వారాల ముందే ఫైలులో తేలిపోతుంది. సమావేశం దానికి ఆమోదముద్ర వేస్తుంది. ఎజెండాలో అంశంగా రాని పని గురించి సభ్యులు ఎంత గట్టిగా మాట్లాడినా, వారికి దక్కే సమాధానం సాధారణంగా "పరిశీలిస్తాం" అన్నదే. కాబట్టి గ్రామస్థులు శ్రమ పెట్టవలసింది ఎజెండా ఖరారు కావడానికి ముందున్న కాలంలోనే.

మొదట తేల్చుకోవలసింది, మీరు కోరుతున్న పని అసలు జిల్లా పరిషత్ చేయగలిగిందేనా అన్నది. అర్జీలు ఎక్కువగా దారితప్పేది ఇక్కడే. మండల కేంద్రం నుంచి మీ ఊరికి వచ్చే దారి చూడటానికి ఒకటే రోడ్డయినా, అందులో కొంత దూరం రోడ్లు భవనాల శాఖది, మిగిలింది పంచాయతీరాజ్ శాఖది కావచ్చు. గుంతలు పడిన భాగం ఎవరిదో తెలియకుండా అర్జీ పెడితే, అది ఒక శాఖ నుంచి మరొక శాఖకు బదిలీ అవుతూనే ఉంటుంది. తాగునీటి పథకమైతే గ్రామీణ నీటి సరఫరా విభాగం ఇంజనీర్లు చూస్తారు. జిల్లా పరిషత్ (జెడ్పీ) ఉన్నత పాఠశాలకు ప్రహరీ, అదనపు గది కావాలంటే పరిషత్‌ను అడగవచ్చు గానీ, ఉపాధ్యాయ పోస్టుల ఖాళీల సంగతి విద్యాశాఖది. పలమనేరు, కుప్పం ప్రాంతాల్లో ఏనుగులు పంట తొక్కితే నష్టపరిహారం అటవీ శాఖ నుంచి రావాలి. 2025లో తోతాపురి మామిడి ధర పడిపోయినప్పుడు రైతుకు కిలోకు 12 రూపాయలు అందాలని, అందులో 8 రూపాయలు గుజ్జు పరిశ్రమలు, 4 రూపాయలు ప్రభుత్వం భరించాలని తీసుకున్న నిర్ణయం రాష్ట్ర స్థాయిలో జరిగింది. అటువంటి విషయాల్లో జిల్లా పరిషత్ తీర్మానం చేసి ప్రభుత్వానికి పంపగలదే తప్ప, తానుగా అమలు చేయలేదు.

రెండవ చిక్కు పరిధిది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడి తిరుపతి వేరే జిల్లా అయినా, 2021లో ఎన్నికైన జిల్లా పరిషత్ మాత్రం పాత ఉమ్మడి జిల్లా పరిధితోనే కొనసాగింది. దాంతో చంద్రగిరి, శ్రీకాళహస్తి ప్రాంతాల వారికి కలెక్టర్ తిరుపతిలో, జిల్లా పరిషత్ చిత్తూరులో ఉండే పరిస్థితి వచ్చింది. తిరుపతి జిల్లాలో కలిసిన సూళ్లూరుపేట, నాయుడుపేట వంటి పూర్వపు నెల్లూరు మండలాలు నెల్లూరు పరిషత్ కిందనే నిలిచాయి. అర్జీ రాసేముందు మీ మండలం ఏ పరిషత్ కిందికి వస్తుందో మండల పరిషత్ కార్యాలయంలో అడిగి నిర్ధారించుకోండి. ఇక తిరుపతి, చిత్తూరు నగరపాలక సంస్థల పరిధిలో నివసించేవారికి జిల్లా పరిషత్‌తో పని ఉండదు. వారు వెళ్లవలసింది కార్పొరేషన్‌కే. నగరాన్ని ఆనుకుని ఉన్న తిరుపతి రూరల్ మండలం వంటి చోట్ల లేఅవుట్ అనుమతులు తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ (తుడా) చూసినా, ఊరి వీధులు, కాలువలు పంచాయతీవే.

పరిషత్ నిర్మాణం గురించి తెలుసుకోవలసింది కొద్దిగానే ఉంది. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం ప్రకారం మండలానికొకరు చొప్పున ఎన్నికైన జెడ్పీటీసీ సభ్యులు, జిల్లాలోని ఎంపీలు, ఎమ్మెల్యేలు, ఎమ్మెల్సీలు సమావేశంలో కూర్చుంటారు. మండల పరిషత్ అధ్యక్షులు కూడా హాజరై మాట్లాడవచ్చు. సర్వసభ్య సమావేశం మూడు నెలలకు ఒకసారైనా జరగాలి. ప్రణాళిక-ఆర్థికం, గ్రామీణాభివృద్ధి, వ్యవసాయం, విద్య-వైద్యం, స్త్రీ సంక్షేమం, సాంఘిక సంక్షేమం, పనులు అనే ఏడు స్థాయీ సంఘాలు విడిగా సమావేశమవుతాయి. ఈ స్థాయీ సంఘాలను మనవాళ్లు పట్టించుకోరు, పత్రికలు కూడా అంతగా రాయవు. కానీ అధికారిని తాపీగా ప్రశ్నించి స్పష్టమైన జవాబు రాబట్టడానికి పెద్ద సమావేశం కంటే ఇవే అనువైనవి.

ఇప్పుడు పని మొదలుపెట్టే క్రమానికి వద్దాం. మూలం గ్రామంలోనే ఉండాలి. గ్రామసభలో విషయం ప్రస్తావించి, పంచాయతీ చేత తీర్మానం చేయించి, తీర్మానం సంఖ్య, తేదీ ఉన్న నకలును పంచాయతీ కార్యదర్శి సంతకంతో తీసుకోవాలి. 2019 అక్టోబర్ 2న మొదలైన గ్రామ సచివాలయ వ్యవస్థలో ఇంజనీరింగ్ అసిస్టెంట్ కూడా ఉంటారు. రోడ్డు ఎక్కడి నుంచి ఎక్కడికి, పొడవు ఎంత, మధ్యలో కల్వర్టు అవసరమా, ఏ సర్వే నంబర్ల మీదుగా వెళుతుంది అన్న వివరాలు వారి సాయంతో రాసుకోండి. దారిలో పట్టా భూమి ఏమైనా ఉంటే, ఆ రైతుల అంగీకార పత్రాలు ముందే తీసుకోవడం అన్నిటికన్నా ముఖ్యం. మంజూరైన రోడ్డు ఒక్క రైతు అభ్యంతరంతో ఆగిపోయి, నిధులు వెనక్కి పోయాక ఊళ్లో మొదలయ్యే తగాదాలు రోడ్డు లేకపోవడం కంటే ఎక్కువ నష్టం చేస్తాయి.

తర్వాత పంచాయతీరాజ్ శాఖ అసిస్టెంట్ ఇంజనీరు (ఏఈ) చేత పనికి అయ్యే ఖర్చు అంచనా తయారు చేయించాలి. అంచనా లేని కోరికను అధికారులు అర్జీగానే చూస్తారు. అంచనా ఉన్నప్పుడే అది ప్రతిపాదన అవుతుంది. అంచనా కింది నుంచి పై ఇంజనీర్లయిన డీఈ, ఈఈల దగ్గరకు వెళ్లి, పని విలువను బట్టి తగిన స్థాయిలో సాంకేతిక మంజూరు పొందుతుంది. నిధులు ఇచ్చే అధికారి లేదా సంస్థ పరిపాలనా అనుమతి ఇస్తుంది. ఈ రెండూ వేర్వేరు. ఒకటి వచ్చిందని సంబరపడి రెండోదాన్ని మరచిపోయినవారు చాలామంది ఉన్నారు.

అంచనా చేతికి వచ్చాక, ఏ పద్దు కింద అడగాలన్నది మీ విజయావకాశాన్ని చాలావరకు నిర్ణయిస్తుంది. జిల్లా పరిషత్ సాధారణ నిధుల్లో 15 శాతం షెడ్యూల్డ్ కులాల, 6 శాతం షెడ్యూల్డ్ తెగల, 15 శాతం మహిళా శిశు సంక్షేమానికి కేటాయించాలి. అందువల్ల ఎస్సీ కాలనీలో సిమెంటు రోడ్డును, కాలువను ఆ 15 శాతం పద్దులో ప్రతిపాదిస్తే పోటీ తక్కువగా ఉంటుంది. అదే పనిని సాధారణ పనుల జాబితాలో వేస్తే అన్ని మండలాల కోరికలతో కలిసి వరుసలో నిలబడాలి. 15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి స్థానిక సంస్థలకు ఇచ్చిన గ్రాంట్లలో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే వాడాలని, మిగతా 40 శాతం స్థానిక అవసరాలకు వాడుకోవచ్చని నిబంధన పెట్టింది. ప్రతి కొత్త గ్రాంటుకూ ఇటువంటి షరతులు ఉంటాయి. వాటిని మండల పరిషత్ కార్యాలయంలోనో, జెడ్పీ అకౌంట్స్ విభాగంలోనో అడిగి తెలుసుకుని, మీ పనిని దానికి సరిపోయే పద్దులో పెట్టండి.

అర్జీ ఒక పేజీ దాటకూడదు. జెడ్పీ ముఖ్య కార్యనిర్వహణాధికారిని (సీఈఓ) ఉద్దేశించి ఈ ధోరణిలో రాయవచ్చు: "మా పంచాయతీ ఫలానా తేదీన ఫలానా సంఖ్య గల తీర్మానం ద్వారా, ప్రధాన రోడ్డు నుంచి ఎస్సీ కాలనీ వరకు 400 మీటర్ల సిమెంటు రోడ్డు నిర్మించాలని కోరింది. ఏఈ గారు తయారు చేసిన అంచనా జతచేశాము. దారిలో పట్టా భూమి లేదు. ఈ పనిని షెడ్యూల్డ్ కులాల సంక్షేమ పద్దు కింద రాబోయే సర్వసభ్య సమావేశపు ఎజెండాలో చేర్చవలసిందిగా కోరుతున్నాము." ఊరి చరిత్ర, గత పాలకుల నిర్లక్ష్యం, ఎన్నికల వాగ్దానాలు ఇందులో అవసరం లేదు. ఫైలు చదివే సెక్షన్ ఉద్యోగికి కావలసినవి తీర్మానం, అంచనా, పద్దు, భూమి వివరాలు మాత్రమే.

ఒక ప్రతిని మీ జెడ్పీటీసీ సభ్యులకు, ఒకటి మండల పరిషత్ అభివృద్ధి అధికారికి (ఎంపీడీఓ) ఇచ్చి, అసలు ప్రతిని జెడ్పీ కార్యాలయం తపాలు విభాగంలో అందజేసి, స్వీకరించిన ముద్ర, నంబరు తప్పకుండా తీసుకోండి. కొద్ది రోజుల తర్వాత ఆ నంబరు చెప్పి, అర్జీ ఏ సెక్షన్‌కు వెళ్లింది, ఆన్‌లైన్ ఫైలు నంబరు ఏమిటి అని అడగండి. అక్కడి నుంచి మీ సంభాషణ అంతా ఆ ఫైలు నంబరు మీదే నడవాలి. ఎజెండా తయారయ్యే వారంలో సభ్యుల చేత లిఖితపూర్వకంగా గుర్తు చేయించడం, పదిమంది వెళ్లి గది ముందు నిలబడటం కంటే ఫలితమిస్తుందని నా అభిప్రాయం. బడ్జెట్ ఆర్థిక సంవత్సరం ముగిసేలోపు ఆమోదం పొందాలి కనుక, పెద్ద పనుల ప్రతిపాదనలు సంక్రాంతి నాటికే ఫైలులో ఉండేలా చూసుకోండి.

సమావేశం ముగిశాక పత్రికల్లో వచ్చినదాన్ని నమ్ముకోకుండా, సమావేశ నిర్ణయాలు నమోదు చేసే మినిట్స్ నకలు సంపాదించండి. అందులో మీ అంశం ఎదుట "ఆమోదించడమైనది" అని ఉంటే నిధుల విడుదలకు దారి తెరుచుకున్నట్లు. "ధ్రువీకరించడమైనది" అంటే ఛైర్‌పర్సన్ ముందస్తు అనుమతితో అప్పటికే మొదలైన పనికి సమావేశం తర్వాత ఒప్పుదల ఇచ్చినట్లు. "ప్రభుత్వానికి నివేదించడమైనది" అని ఉంటే జిల్లాలో ఇక చేయగలిగింది లేదు. మీ ఎమ్మెల్యే ద్వారా రాష్ట్ర స్థాయిలో ప్రయత్నించాలి. చట్టపరిధి దాటిన తీర్మానాలను రద్దు చేసే అధికారం కూడా ప్రభుత్వానికి ఉంది.

సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వెళ్లాలా అని చాలామంది అడుగుతారు. పింఛను ఆగిపోవడం, పాసుపుస్తకంలో తప్పు, ఆక్రమణ వంటి వ్యక్తిగత సమస్యలకు అది మంచి మార్గం. 1100 నంబరుకు ఫోన్ చేసి కూడా నమోదు చేయవచ్చు. కానీ కొత్త రోడ్డు కోసం అక్కడ అర్జీ ఇస్తే, అది సంబంధిత ఇంజనీరుకు చేరి, "నిధులు లభ్యమైనప్పుడు చేపడతాం" అన్న జవాబుతో పరిష్కృతమైనట్లు నమోదై మూతపడే అవకాశం ఎక్కువ. జవాబు సంతృప్తికరంగా లేకపోతే తిరిగి తెరిపించవచ్చు గానీ, నిధుల ప్రశ్నకు ఆ వేదిక సమాధానం చెప్పలేదు.

ఫైలు కదలకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టాన్ని వాడుకోండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి కార్యాలయానికి దరఖాస్తు రుసుము లేదు. మండల స్థాయికి 5 రూపాయలు, జిల్లా స్థాయికి 10 రూపాయలు. "ఎందుకు చేయలేదు" అని అడిగితే జవాబు రాదు. ఫలానా ఫైలులో అధికారులు తమ అభిప్రాయాలు రాసే నోట్ షీట్ల నకళ్లు, ఫలానా సమావేశపు మినిట్స్, అంచనా ప్రతి కావాలని పత్రాల పేర్లతో అడగాలి. 30 రోజుల్లో సమాచారం రాకపోతే అదే కార్యాలయంలోని అప్పీలు అధికారికి మొదటి అప్పీలు వేయవచ్చు.

మంజూరైన పనికి టెండర్, ఒప్పందం, కొలతల పుస్తకం నమోదు, నాణ్యత తనిఖీ, బిల్లు వరుసగా నడుస్తాయి. పని జరుగుతున్నప్పుడే అంచనా ప్రతిని చేతిలో పెట్టుకుని రోడ్డు మందం, వెడల్పు చూసుకోవాలి. బిల్లు చెల్లించాక చేసే ఫిర్యాదుకు బలం తక్కువ. పంచాయతీ నిధులతో జరిగే పనులైతే ఈ-గ్రామ్ స్వరాజ్ పోర్టల్‌లో ప్రణాళిక, చెల్లింపుల వివరాలు ఎవరైనా చూడవచ్చు.

పాలకవర్గం పదవీకాలం ముగిసి ఎన్నికలు జరగని రోజుల్లో ప్రత్యేకాధికారి పాలన ఉంటుంది. జిల్లా పరిషత్‌కు సాధారణంగా కలెక్టరే ఆ బాధ్యత చూస్తారు. అప్పుడు సర్వసభ్య సమావేశం, జెడ్పీటీసీ సిఫారసు ఉండవు గానీ తీర్మానం, అంచనా, పద్దు, ఫైలు నంబరు అలాగే ఉంటాయి. అర్జీని ప్రత్యేకాధికారి పేరుతో రాసి, ప్రతిని ముఖ్య కార్యనిర్వహణాధికారికి ఇవ్వాలి. కొత్త పాలకవర్గం వచ్చాక పాత ఫైలు నంబరును ఉటంకిస్తూ మళ్లీ ఒక లేఖ రాస్తే, అంచనాను అప్పటి ధరలకు సవరించి అదే ఫైలు మీద ముందుకు పంపుతారు.