ఆయుధాలు వద్దన్న దుకాణం ముందు: అమెరికాలో పిస్టల్ వెంట ఉంచుకునేవారికి

అమెరికాలో బట్టల చాటున పిస్టల్ పెట్టుకొని తిరగడానికి చట్టం అనుమతించినంత మాత్రాన, ఆ అనుమతి ప్రతి దుకాణం గడపా దాటిస్తుందని అనుకోకూడదు. ఆయుధాలు ఉంచుకునే హక్కును కాపాడే రాజ్యాంగంలోని రెండో సవరణ ప్రభుత్వాన్ని కట్టడి చేస్తుందే తప్ప, తన స్థలంలోకి ఆయుధాలు తేవద్దని చెప్పే యజమానిని కాదు. అయితే ఆయన తలుపుకు అంటించిన బోర్డుకు చట్టంలో ఎంత బలం ఉంటుందన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. చిక్కంతా ఇక్కడే ఉంది.

టెక్సస్‌నే తీసుకోండి. లైసెన్సు ఉన్నవారు దాచిన పిస్టల్‌తో లోపలికి రాకూడదంటే, అక్కడి శిక్షాస్మృతిలోని 30.06 సెక్షన్ చెప్పిన వాక్యాన్ని ఇంగ్లీషు, స్పానిష్ భాషలు రెండింటిలోనూ, కనీసం అంగుళం ఎత్తున్న అక్షరాలతో, అందరికీ కనబడేటట్టు పెట్టాలి. పైకి కనబడేలా ధరించే తుపాకీకి 30.07 బోర్డు వేరే ఉంది. 2021 సెప్టెంబరు 1 నుంచి లైసెన్సు లేకుండానే తుపాకీ వెంట ఉంచుకోవచ్చన్న చట్టం అమలులోకి వచ్చాక, అలాంటివారికి మామూలు అక్రమ ప్రవేశానికి సంబంధించిన 30.05 సెక్షన్ వర్తిస్తోంది. కాబట్టి ఒకే తలుపు ముందు నిలబడ్డ ఇద్దరికి ఒకే బోర్డు వేర్వేరు అర్థాలివ్వవచ్చు. బోర్డును కాదని లోపలికి వెళితే జరిమానా 200 డాలర్ల వరకే ఉండవచ్చు గానీ, బయటికి వెళ్ళమని నోటితో చెప్పిన తరువాత కూడా కదలకపోతే నేరం తీవ్రత ఒక్కసారిగా పెరుగుతుంది.

ఇల్లినాయ్‌లో బోర్డు కొలత 4 అంగుళాలకు 6 అంగుళాలు. పిస్టల్ బొమ్మ మీద ఎర్రటి వృత్తం, అడ్డగీత ఉంటాయి. తలుపు మూలన ఇతర స్టిక్కర్ల మధ్య అది సులువుగా కన్ను తప్పుతుంది. టెన్నెసీలో నియమానుసారం పెట్టిన బోర్డును ఉల్లంఘిస్తే 500 డాలర్ల జరిమానా పడుతుంది. ఫ్లోరిడాలో మామూలు దుకాణం బోర్డుకు ఇంత ప్రత్యేకమైన చట్టబలం లేదు. కానీ వెళ్ళిపొమ్మన్నాక తుపాకీతో అక్కడే నిలబడితే అది సాయుధ అక్రమ ప్రవేశం కింద పెద్ద నేరమై కూర్చుంటుంది. బోర్డుకు బలం లేదని ధీమాగా తిరిగేవారు మరచిపోయేది ఈ రెండో భాగాన్నే.

ఇంటి బయట కూడా ఆత్మరక్షణకు తుపాకీ వెంట ఉంచుకునే హక్కు ఉందని 2022లో సుప్రీంకోర్టు బ్రూయెన్ కేసులో తీర్పు ఇచ్చిన తరువాత న్యూయార్క్, హవాయి వంటి రాష్ట్రాలు ఈ లెక్కనే తిరగేశాయి. యజమాని స్పష్టంగా సరేనంటేనే దుకాణంలోకి తుపాకీ తేవాలన్నాయి. ఆ చట్టాల మీద దావాలు నడిచి, హవాయి కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. అందువల్ల వేరే రాష్ట్రానికి బయలుదేరే ముందు మిత్రులు చెప్పిన మాట మీద గాక, ఆ రాష్ట్ర పోలీసు శాఖ లేదా అటార్నీ జనరల్ కార్యాలయం వెబ్‌సైటులో ఉన్న తాజా నియమాల మీద ఆధారపడండి. పోస్టాఫీసులు, కోర్టులు, ఇతర ఫెడరల్ భవనాలకు వేరే చట్టాలున్నాయి. వాటిని ప్రైవేటు దుకాణాలతో కలిపి చూడకండి.

విజ్ఞప్తికీ నిషేధానికీ తేడా ఉంది. 2019లో వాల్‌మార్ట్ తన దుకాణాలకు తుపాకులు పైకి కనబడేలా తేవద్దని కొనుగోలుదారులను కోరిందే తప్ప, పర్మిటుతో దాచి ధరించేవారి విషయంలో తన విధానాన్ని మార్చలేదు. ఆయా సంస్థ ఏం కోరిందో, తలుపు మీద ఏం రాసిందో రెండూ చదవాలి. నా మటుకు నాకు బోర్డు కొలతలు సరిగా లేవన్న సాకుతో లోపలికి వెళ్ళడం తెలివితక్కువ పని. యజమాని ఇష్టం తెలిసిపోయాక అక్షరాల ఎత్తు కొలవడంలో ఒరిగేదేమీ లేదు.

కాబట్టి ఆ రోజు వెళ్ళవలసిన చోట్లలో ఆయుధాలు వద్దనేవి ఎక్కువగా ఉంటే, పిస్టల్‌ను ఇంట్లో తాళం వేసిన పెట్టెలోనే ఉంచి వెళ్ళండి. స్టేడియాలు, కచేరీ వేదికలు, థీమ్ పార్కుల గేట్ల వద్ద తనిఖీ ఎలాగూ ఉంటుంది. అనుకోకుండా బోర్డు ఎదురైతే వెనక్కి తిరిగి కారు దగ్గరికి వెళ్ళడం తప్ప మార్గం లేదు, కానీ అసలు జాగ్రత్త అక్కడే అవసరం. గుళ్ళు నింపిన పిస్టల్‌ను ఇరుకు సీటులో కూర్చొని తీయడం, మళ్ళీ పెట్టడం ప్రమాదవశాత్తు పేలడానికి అనువైన సందర్భం. దానిని హోల్‌స్టర్ (పిస్టల్ ఒర) నుంచి బయటికి లాగకండి. బెల్టుకు పట్టిన క్లిప్పును విప్పి, ట్రిగ్గర్ కప్పబడి ఉండగానే హోల్‌స్టర్‌తో సహా తీసి, సీటు కింది ఇనుప చట్రానికి ఉక్కు తీగతో బిగించిన చిన్న లాకర్‌లో పెట్టండి. కారు ముందు సీటు ఎదుట ఉండే అర, అంటే గ్లవ్ బాక్స్, లాకర్ కాదు. దొంగ మొదట తెరిచేది దానినే. ఈ పని దుకాణం ముందు అందరూ చూస్తుండగా గాక, వీలైతే అక్కడికి చేరకముందే ముగించండి. ఆ పార్కింగ్ స్థలంలోనైనా ఆయుధం ఉంచవచ్చా అన్నది కూడా రాష్ట్రాన్ని బట్టే ఉంటుంది.

మనవారు ప్రత్యేకంగా గమనించవలసిన విషయం ఒకటుంది. హెచ్‌-1బీ, ఎఫ్‌-1 వంటి వీసాల మీద ఉన్నవారు తుపాకీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం సాధారణంగా నేరం. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఆ నిషేధం లేదు. కాబట్టి మీకు పర్మిటు ఉన్నా, లోపలికి వెళ్ళొచ్చేదాకా పట్టుకోమని వీసా మీద ఉన్న భార్యకో, తమ్ముడికో పిస్టల్ అప్పగిస్తే వారి వలస హోదాకే ముప్పు తెచ్చినవారవుతారు.

బోర్డు చూడకుండానే లోపలికి వచ్చేశారని మధ్యలో తెలిస్తే, చెయ్యి నడుము దగ్గరికి పోనివ్వకుండా, కొనుగోలు ముగించాలని చూడకుండా వెంటనే బయటికి నడవండి. మరుగుదొడ్డిలోకి వెళ్ళి సర్దుకుందామని అసలు అనుకోవద్దు. సిబ్బంది వచ్చి అడిగితే ‘‘క్షమించండి, వెళ్తున్నాను’’ అన్న ఒక్క మాట చాలు. బోర్డు నియమానుసారం ఉందా లేదా అన్న వాదన ఏదైనా మిగిలితే, మర్నాడు యజమానికి ఉత్తరం రాసి తేల్చుకోవచ్చు.