అంబాసిడర్ ఇంజన్‌లో ఏ ప్యాకింగ్‌కి ఏ పేస్టు

పాలకొల్లులో మా షెడ్డుకి 1489 సీసీ పాత పెట్రోలు అంబాసిడర్ వస్తే నేను ముందు వంగి చూసేది ఆయిల్ ఛాంబర్ అంచు, అంటే ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి అంచు. అక్కడి ప్యాకింగ్‌కి (రెండు భాగాల మధ్య లీకు ఆపే పొర) రాసిన సిలికాన్ పేస్టు బయటికి పొంగి తాడులా కనిపిస్తే, లోపలికీ అంతే పొంగి ఉంటుంది. అది తెగి పడితే నేరుగా ఆయిల్ పంపు జల్లెడకి పోయి అంటుకుంటుంది. పని నేర్చుకున్న కొత్తలో నా చేతి మీదే ఇలా జరిగింది. బండి చించినాడ వంతెన దాటేలోపే ఆయిల్ ప్రెజర్ పడిపోయింది. ఛాంబర్ విప్పితే జల్లెడ నిండా ఎర్రటి రబ్బరు పీలికలు, రెండు బేరింగులు చెక్కుకుపోయి ఉన్నాయి. ఖర్చు నేనే పెట్టుకున్నాను.

అప్పటినుంచి ఛాంబర్‌కి సిలికాన్ నాలుగు మూలల్లోనే వాడుతున్నాను. ముందూ వెనకా బేరింగ్ క్యాపుల దగ్గర కార్క్ ముక్క, అంచు ప్యాకింగ్ కలిసేచోట సన్నటి సందు ఉంటుంది, అక్కడన్న మాట. గోరింటాకు కోన్‌లోంచి వచ్చే గీతంత చాలు. సిలికాన్ గాలిలో తేమతోనే గట్టిపడుతుంది కాబట్టి మన శ్రావణమాసపు ఉక్కలో తొందరగా పొర కడుతుంది. బోల్టులన్నీ పక్కన పెట్టుకున్నాకే ట్యూబు మూత తీయండి. ఆయిల్ పోయడం మర్నాడే.

బ్లాకుకీ దాని మీద కూర్చునే హెడ్డుకీ మధ్య ఉండే హెడ్ ప్యాకింగ్‌కి నేనేమీ రాయను. బ్లాకు మీదా హెడ్డు మీదా స్టీలు స్కేలు ఐమూలగా నిలబెట్టి, కింద 0.05 మి.మీ. ఫీలర్ ఆకు (సందు కొలిచే పల్చటి రేకు) దూరితే ఫేసింగ్‌కి, అంటే చదును చేయించడానికి పంపిస్తాను. వంకర ఉన్న హెడ్డుని ఏ పేస్టూ కాపాడలేదు. నట్లు మధ్యనుంచి బయటికి, విడతలవారీగా బిగించాలి. ఇంజన్ వేడెక్కి చల్లారాక మళ్లీ టార్క్ (నట్ల బిగువు) చూసి, ట్యాపెట్లు (వాల్వుల సందు) సరిచేయాలి.

ఇంజన్ పక్కనుండే ట్యాపెట్ కవర్ల మీద మాత్రం ఓపిక పెట్టండి. మానిఫోల్డ్ విప్పితేగానీ అవి మళ్లీ చేతికి అందవు. కవర్ అంచు వంగి ఉంటే చెక్కదిమ్మ మీద పెట్టి మెల్లగా కొట్టి సాపు చేయాలి. షాపులో ఏళ్లతరబడి ఉన్న కార్క్ ఎండి కుంచించుకుపోతుంది. గోరువెచ్చని నీళ్లలో కాసేపు నానబెడితే సైజుకి వస్తుంది. దాన్ని కవర్ వైపు షెల్లాక్‌తో (లక్క జిగురు) అంటించి ఆరనివ్వండి, బ్లాకు వైపు గ్రీజు మాత్రమే. బోల్టు ఎక్కువ బిగిస్తే కవర్ వంగి, కార్క్ పక్కకి పిండుకొస్తుంది.

వాటర్ పంపు, థర్మోస్టాట్ దగ్గర కాగితం ప్యాకింగ్‌కి రెండు వైపులా హైలోమార్ అనే పేస్టు పల్చగా వేలితో పూస్తే సరి. అది గట్టిపడదు, విప్పినప్పుడు గీకే బాధ ఉండదు.

కార్బురేటర్, పెట్రోలు పంపు దగ్గరికి సిలికాన్ రానివ్వకండి, పెట్రోలు తగిలితే ఉబ్బి మెత్తబడిపోతుంది. మా పెద్ద మేస్త్రీలు అక్కడ షెల్లాక్ రాసేవారు. అది స్పిరిట్‌లో కరిగే సరుకు, ఇప్పుడేమో పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్, అంటే స్పిరిట్ జాతి సరుకే, కలుస్తోంది. అందుకే నేను కొత్త ప్యాకింగ్ పొడిగానే వేస్తున్నాను.

అన్నీ చేశాక కూడా గేర్‌బాక్స్ దగ్గర చుక్క పడుతుంటే ఇంజన్ మళ్లీ దించేయకండి. ఈ ఇంజన్‌లో క్రాంక్ వెనక రబ్బరు సీలు లేదు, ఆయిల్‌ని వెనక్కి తిప్పే మరలాంటి గాడి ఉంటుందంతే. ముందు బ్రీదర్ పైపు (ఇంజన్ లోపలి ఒత్తిడి బయటికి పోయే గొట్టం) విప్పి ఊది చూడండి. అది మూసుకుపోతే లోపలి ఒత్తిడి ఆయిల్‌ని ఆ గాడి దాటించి తోసేస్తుంది.